కొండదారుల చిట్టా

జనవరి 5, 2025. తిరుపతి

ఆదివారం నడకకు వచ్చేవాళ్లందరం కలిసి ఈ ఏడాదికి ఒక పని పెట్టుకున్నాం. ఎవరికి ఏ కొండదారి కావాలో రాయాలి. మూతపడ్డ దారిని తెరవమనొచ్చు, పాడైనదాన్ని బాగుచేయమనొచ్చు, లేనిచోట కొత్తగా వేయమనొచ్చు. ఉగాది దాటాక అన్నీ కలిపి అటవీశాఖకు ఒక అర్జీ ఇస్తాం.

అరగంటలో పేజీ నిండింది. అన్నమయ్య దారి అని ముగ్గురు రాశారు. చంద్రగిరి పైకోట అని ఒకరు. ఆత్మకూరు నుంచి నాగలూటి మీదుగా శ్రీశైలం, తుంబురు కోన, మాధవధార మీంచి సింహాచలం. కాలేజీ కుర్రాడు "ఏడు కొండల్నీ చుట్టి వచ్చే రౌండు ట్రెక్కు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు మాత్రం "ఏ దారైనా సరే, మధ్యలో కూర్చోడానికి ఒక రాయి" అన్నారు.

కోరడం తేలిక. అందుకే ప్రతి దారి పేరుకు ఎదురుగా మూడు గళ్లు గీశాను. ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు? నీళ్లెక్కడ? వానలు పోయాక బాగుచేసేదెవరు? మొదటి రెండు గళ్లలో ఏదో ఒకటి పడింది. మూడోది అన్నింటికీ ఖాళీ.

జనవరి 8

అన్నమయ్య దారి. మామండూరు దాటాక కుక్కలదొడ్డి దగ్గర అడవిలోకి దిగి, శేషాచలం మీదుగా తిరుమల చేరే బాట ఇది. తాళ్లపాక నుంచి అన్నమయ్య కొండకు నడిచింది ఇటే అని రాజంపేట, కోడూరు వైపు జనం నమ్మకం. ఏటా అటునుంచి మహాపాదయాత్రలు కూడా వస్తాయి. అలిపిరి దారికి ఇంకో కథ ఉంది. అక్కడ మోకాళ్ల పర్వతం దగ్గర చెప్పులతో ఎక్కలేక పిల్లవాడైన అన్నమయ్య సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మే వచ్చి ఆదుకుందంటారు. రెండు దారులూ ఆయన్ని మావాడే అంటున్నాయి. తగువు తీర్చడం మన పని కాదు.

2021 డిసెంబరులో రెండో ఘాట్‌లో బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నాక, ఈ బాటను వాహనాలు వెళ్లే మూడో దారిగా చేయాలన్న ఆలోచన దేవస్థానం బోర్డు దాకా వెళ్లింది. మాలో ఒకాయనకు అదే ఇష్టం. "రోడ్డు వేస్తే పక్కన ఫుట్‌పాత్ కూడా వేస్తారు కదన్నా" అన్నాడు. ఆ మాట మీద గంటసేపు వాదన. బస్సు హారన్ వింటూ నడవడానికి కొండదాకా పోవడమెందుకు, మన ఊళ్లో ఆ భాగ్యానికేం తక్కువ?

నా ఓటు కాలిబాటకే. పగటిపూట, బృందాలుగా, గేటు దగ్గర పేరు రాసి.

జనవరి 12

టీ కొట్టు దగ్గర ఒక ఫారెస్టు వాచరు కలిశాడు. మా అర్జీ సంగతి చెబితే నవ్వాడు.

"మీరు నడిచేదానికే వస్తారని నాకు తెలుసు సార్. రాత్రిపూట చెట్ల మధ్యన లైటు కనబడితే, అది మీరా వాళ్లా అని ఎట్ల తెలుస్తుంది మాకు?"

వాళ్లంటే ఎర్రచందనం కొట్టేవాళ్లు. ఆ చెట్టు తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, ఈ కొండల్లోనే. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అటువంటి అడవిలో దారి తెరవమని అడిగేవాడు, లోపలికి ఎవరు వెళ్లారో, ఎవరు తిరిగొచ్చారో లెక్క ఉండే ఏర్పాటు కూడా తనే అడగాలి. వాచరుకు అనుమానం తప్పితే మనకు భయం తప్పుతుంది.

అర్జీలో మొదటి షరతు దొరికింది: గేటు, రిజిస్టరు, వేళ.

జనవరి 19

కరకంబాడి వైపు కొండ అంచున నడిచాం. అక్కడొక దారి పాదం నుంచి నిట్టనిలువుగా పైకి పోతుంది. ఎవరో తొందరగా శిఖరం చేరాలని వేసుకున్నది. దాని గతి చూడాలి. వాననీళ్లకు అదే కాలువైంది. ముందు మట్టి పోయింది, తర్వాత గులకరాళ్లు పోయాయి. ఇప్పుడు మోకాటి లోతు గాడి, అడుగున తెల్లగా బయటపడ్డ వేళ్లు. గాడిలో కాలు నిలవక జనం పక్కన నడిచారు. అక్కడ గడ్డి చచ్చి రెండో గాడి పడింది. దాని పక్కన మూడోది మొదలైంది.

ఆ గాడికి పది గజాల అవతల గొర్రెల దారి ఉంది. జానెడు వెడల్పు. కొండ నడుముకు అడ్డంగా, పైకి పోతున్నట్టే తెలియకుండా పైకి పోతుంది. దాని మీద నీళ్లు పారిన చార ఒక్కటీ లేదు. పైనుంచి వచ్చిన నీళ్లు దాన్ని దాటి కిందికి వెళ్లిపోయాయి తప్ప దాని వెంట పరుగెత్తలేదు.

గొర్రెలు మేపే పెద్దాయన అక్కడే బండ మీద కూర్చోనున్నాడు.

"ఈ నిలువు దారి ఎవరు ఏసింది తాతా?"

"మీ అట్లాటోళ్లే నాయినా. జీవాలు అట్ల పోవు. ఆయాసమొస్తాది వాటికి."

మాలో ఒక సివిల్ ఇంజనీరు ఉన్నాడు. ఆయన పుల్లతో మట్టిలో గీసి చూపించాడు. కొండ ఎంత వాలుగా ఉందో, దారి అందులో సగం వాలుకు మించకూడదు. సగటున నూరడుగులు నడిస్తే పదడుగుల ఎత్తు ఎక్కితే చాలు. దారి బయటి అంచు లోపలి అంచుకంటే రవ్వంత పల్లంగా ఉండాలి, నీళ్లు ఆగకుండా. ఇప్పటికే గాడి పడ్డ పాత దారైతే, అక్కడక్కడ ఏటవాలుగా రాళ్ల వరస పాతి నీటిని పక్కకు తోలాలి. ఆ రాళ్ల వెనక ఆకులు, మట్టి పూడుకుంటే నీళ్లు మళ్లీ దారిలోకే వస్తాయి కాబట్టి ఏటా వానలకు ముందే తీసేయాలి.

ఇంతే. సిమెంటు అక్కర్లేదు, మిషన్లు అక్కర్లేదు. గునపం, పార, నలుగురు మనుషులు.

జనవరి 20

మూడో గడిలో మొదటిసారి కలం పెట్టాను. "వానకు ముందొకసారి, వాన వెలిశాక ఒకసారి. రాళ్ల వరసలు, ఆకులు, విరిగిపడ్డ కొమ్మలు." ఏం చేయాలో తెలిసింది. చేసేవాళ్ల పేరు మాత్రం ఇంకా లేదు.

జనవరి 26

ఈ రోజు శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. 2021 నవంబరు వానల్లో కొండ మీది నీళ్లు బండల్నీ మట్టినీ ఈ మెట్ల మీదికే తోశాయి. దారి మూసి, బాగుచేసి, 2022 మేలో మళ్లీ తెరిచారు. ఇంత డబ్బు, ఇంతమంది భక్తులు, ఇంత పెద్ద గుడి వెనకున్న దారికే అన్ని నెలలు పట్టింది. ఎవరూ అడగని అడవి దారిలో ఒక చెట్టు కూలితే, అది అక్కడే పుచ్చిపోవాల్సిందే.

అలిపిరి దారి సంగతి వేరు. 3,550 మెట్లు, పైకప్పు, దీపాలు, మైకులు, కొళాయిలు, కొట్లు. అది కొండ మీదికి వేసిన వీధి. చంటిపిల్లలతో, మోకాళ్ల నొప్పులతో, తడిబట్టలతో ఎక్కేవాళ్లకు అలాంటి వీధి ఉండాల్సిందే. కానీ బాగుచేయడమంటే ప్రతి బాటనూ అలిపిరి చేయడమని మన ఆఫీసుల్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. అర్జీలో ఇది కుండబద్దలు కొట్టి చెప్పాలి: మాకు పైకప్పు వద్దు, టైల్స్ వద్దు, ఎల్ఈడీలు వద్దు.

"కూర్చోడానికి రాయి?" అని మాస్టారు గుర్తు చేశారు. రాయి కావాలి.

ఫిబ్రవరి 2

ఇంట్లో అడిగారు, "అడవి దారులు తెరవమంటున్నారు సరే, చిరుతల సంగతేంటి?"

తప్పించుకోలేని ప్రశ్న. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అంతకుముందు జూన్‌లో ఇంకో పిల్లవాణ్ణి పట్టుకుని, జనం కేకలకు వదిలేసింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే పిల్లల్ని నడకదారిలోకి పంపలేదు. చేతికి కర్రలిచ్చారు, బోన్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు. కర్రల మీద జోకులు చాలా వచ్చాయి. కర్ర చిరుతను కొట్టడానికి కాదు, నలుగురితో కలిసి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని నడవాలని గుర్తు చేయడానికి అనుకుంటే అందులో నవ్వాల్సిందేమీ లేదు.

దీపాలూ జనమూ ఉన్న దారిలోనే అలా జరిగింది. చిరుత లేని శేషాచలం కావాలని మాలో ఎవరూ కోరలేదు. పొద్దు వాలకముందే బయటపడే దారులు అడుగుదాం. పారేసిన తిండి కుక్కల్నీ పందుల్నీ పిలుస్తుంది, వాటి వెనక చిరుత వస్తుంది. కాబట్టి దారిలో తిండి కొట్లు కూడా వద్దని రాద్దాం.

ఫిబ్రవరి 9

పక్క రాష్ట్రాలు ఏం చేశాయో కాలేజీ కుర్రాడు చదివి వినిపించాడు.

2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు. ట్రెక్కింగుకు వెళ్లిన జట్లు మధ్యలో చిక్కుకున్నాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో తమిళనాడు ట్రెక్కింగుకు నియమాలు రాసింది. 2024 అక్టోబరులో 40 దారుల్ని ప్రకటించి, ఆన్‌లైన్‌లో బుకింగు పెట్టి, ఆ ఊళ్ల యువతకే, ముఖ్యంగా గిరిజనులకు, శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. కర్ణాటకలో 2024 జనవరి 26 సెలవులకు కుమార పర్వతం మీద కొండచీమల్లా జనం ఎక్కిన వీడియో ఊరంతా తిరిగింది. అక్కడా తర్వాత ఆన్‌లైన్ బుకింగు వచ్చింది, రోజుకు ఇంతమందే అన్న హద్దు వచ్చింది.

మన దగ్గర తలకోన, మారేడుమిల్లి లాంటి చోట్ల ఊరివాళ్ల సమితులు పర్యాటకం నడుపుతున్నాయి. ఆ పద్ధతి ఉంది, మనుషులూ ఉన్నారు. ఫలానా దారి, ఫలానా నెలలు, రోజుకు ఇంతమంది, ఇంత రుసుము, గైడు ఫలానా ఊరివాడు అని ఒక్క చోట రాసిపెట్టిన పట్టిక కావాలి. మన కోరికల్లో అన్నిటికంటే ఖర్చు తక్కువైంది ఇదే.

ఫిబ్రవరి 13

పాడేరు దగ్గర టీచరుగా పనిచేసే మా పిన్ని కొడుకు ఫోను చేశాడు. అర్జీ సంగతి చెప్పి, "మీ వైపు ఏ దారి కావాలిరా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"అన్నయ్యా, మా బళ్లో పిల్లల ఊరికి దారి లేదు. మొన్న ఒక పురిటి మనిషిని డోలీలో మోసుకొచ్చారు. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. వాళ్లని అడుగు కాలిబాట కావాలా అని."

ఏం జవాబు చెబుతాను? మనం సెలవునాడు వెదుక్కునే దారి, వాళ్లు రోజూ దిగి ఎక్కే గతిలేని దారి. చిట్టాలో కొత్త పేజీ తీసి పైన రాశాను: ఊళ్లకు వెళ్లే దారి వేరు, కొండకు వెళ్లే దారి వేరు. అంబులెన్సు వెళ్లాల్సిన చోట కాలిబాట అందాల గురించి మాట్లాడకూడదు. మన అర్జీలో ఒక్క వాక్యం కూడా ఏ గూడెం రోడ్డుకూ అడ్డు తగలకూడదు.

ఫిబ్రవరి 17

హైదరాబాద్ మిత్రుడి ఉత్తరం. మెయిలే గానీ, నాలుగు పేజీలు రాస్తే ఉత్తరమనే అంటాను. వాళ్ల కోరిక భువనగిరి. ఒక్కటే బండ, మీద కోట, బండ కింద రాక్ క్లైంబింగ్ బడి. మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది ఆ బండ మీదే. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. "ఎవరెస్టుకు మనిషిని పంపిన బండ చుట్టూ చెత్త ఏరేవాడు లేడు" అని అతని బాధ. కోరింది చిన్నదే: కోట చుట్టూ బండ పాదాన ఒక నడకదారి, బడి పిల్లలు తిరగడానికి. మూడో గడిలో వాళ్లే రాసి పంపారు: "నెలకొకసారి మేము." మొత్తం చిట్టాలో మొదటిసారి ఆ గడి నిండింది.

ఫిబ్రవరి 23

ఈ రోజు కొట్టివేతలు.

లంకమల పొదల్లో రాత్రి నడక అని ఎవరో రాశారు. కొట్టేశాం. అది కలివికోడి తావు. ప్రపంచంలోంచే పోయిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో, ఆ కొండల దగ్గరే మళ్లీ కనిపించింది. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పక్షి. దానికోసం తెలుగుగంగ కాలువనే పక్కకు మళ్లించారు. కాలువ తప్పుకున్న చోట మనం టార్చిలైట్లతో దూరడం న్యాయం కాదు.

ఏడు కొండల రౌండు ట్రెక్కూ పోయింది. కుర్రాడు అలిగాడు. మధ్యలో రాత్రి మకాం లేకుండా అది కుదరదు. నేషనల్ పార్కులో గుడారాలు, నిప్పు అడగడమంటే మిగతా దారులు కూడా పోగొట్టుకోవడమే. ఎండాకాలం ఎండుగడ్డికి ఒక అగ్గిపుల్ల చాలు.

మార్చి 3

చదివినవి, క్లుప్తంగా:

2013 జూన్ వరదలో కేదార్‌నాథ్ నడకదారిలో రాంబాడా అనే మజిలీ మొత్తం కొట్టుకుపోయింది. చనిపోయినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత దారిని మందాకిని అవతలి ఒడ్డుకు మార్చి వేశారు. పాతచోటే పాతదారి అన్న పట్టుదల అన్నిచోట్లా చెల్లదు. కొండ జారిందంటే దారే మారాలి.

భూటాన్‌లో పడమట హా నుంచి తూర్పున త్రాషిగాంగ్ దాకా పాతకాలపు యాత్రా మార్గం 1960ల్లో మోటారు రోడ్డు వచ్చాక పాడుబడింది. దాన్ని తుడిచి, వంతెనలు కట్టి, మెట్లు పేర్చి 2022లో తెరిచారు. 403 కిలోమీటర్లు. రోడ్డు వచ్చాక కాలిబాట ఎందుకు అనుకోని దేశం ఒకటుందని తెలిస్తే కొంచెం ధైర్యం.

మార్చి 9

తిరుమల తీర్థాల పద్ధతి గురించి మళ్లీ ఆలోచించాను. రామకృష్ణ తీర్థం, కుమారధార, తుంబురు. ఒక్కోదానికీ ఏడాదికొక పున్నమి, ముక్కోటి. ఆ సమయానికే అడవి దారి తెరుస్తారు. నీళ్లు, అన్నం, వైద్యులు, నిచ్చెనలు, తాళ్లు. గుండెజబ్బులవాళ్లను, భారీకాయులను రావద్దంటారు. నిప్పు రాజేయనివ్వరు. తర్వాత మళ్లీ మూత. తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పే తుంబురు కోనకు ఎండలో చెమటలు కారుస్తూ అరవై దాటిన ఆడవాళ్లు నడుస్తారు, మనకంటే ముందే.

ఏడాదికి ఒక్కసారి జనం కిక్కిరిసే ఆ సందడి ఒక మాదిరి. వానలు పోయాక మూడు నెలలపాటు, వారానికి రెండు రోజులు, రోజుకు ముప్పై మందికి తెరవడం ఇంకో మాదిరి. రెండోదాన్ని కోరుతున్నాం. మొదటిదాన్ని ముట్టుకోవద్దు. అది భక్తులది.

మార్చి 25. నాగలూటి, నల్లమల

ఉగాది ముందు వారం. శ్రీశైలం వెళ్లే కన్నడ యాత్రికులతో కలిసి నడుస్తున్నాం. ఆత్మకూరు దాటి వెంకటాపురం, అక్కణ్నుంచి అడవి, ఇక్కడ వీరభద్రస్వామి గుడి. బాగల్‌కోట, విజయపుర, రాయచూరు వైపు నుంచి రోజుల తరబడి నడిచొచ్చినవాళ్లు. కొందరు కట్టెల మీద నిలబడి నడుస్తున్నారు. మనం ఉత్త కాళ్ల మీద తూలుతున్న రాళ్లలో వాళ్లు కర్రకాళ్ల మీద పోతున్నారు.

ఒక ముసలమ్మ మూటలోంచి చీర తీసి చూపించింది. ముదురాకుపచ్చ, జరీ అంచు. భ్రమరాంబకు. వాళ్లకు అమ్మవారు ఇంటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. పుట్టింటివాళ్లు చీర పెట్టకుండా ఎలా? వచ్చీరాని తెలుగులో అంది, "బస్సులో పోతే కూతురికి నచ్చదు."

మెట్ల దగ్గర చాలాసేపు వంగి చూశాను. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడిగా 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డికి పేరు. సున్నం కనిపించదు. రాతి మీద రాయి, మధ్యలో మట్టి. నడిమి భాగం పాదాలకు అరిగి నున్నగా, కొంచెం గుంటగా ఉంది. అంచులు మాత్రం ఇంకా గరుకే. ఒకచోట నాలుగైదు రాళ్లు జారిపోయాయి, ఆ సందులోంచి ఒక తునికి మొక్క లేచింది. దాని వేరు ఇంకో రాయిని లేపుతోంది. పోయిన ఏడు ఎవరైనా ఆ మొక్కను పీకి ఉంటే పనయిపోయేది. ఇంకో పదేళ్లకు అక్కడ ముప్పై మెట్లు తిరగపేర్చాలి.

మార్చి 26. భీముని కొలను

పెచ్చెరువు, మఠంబావి దాటి ఇక్కడికి. కిందికి లోయ, ఎదురుగా కైలాసద్వారానికి ఎక్కుడు. పెచ్చెరువు దగ్గర ఒక చెంచు యువకుడు పరిచయమయ్యాడు. అటవీశాఖ బేస్ క్యాంపులో వాచరు.

"పండగ కాంగానే దారి మూసేస్తారంట కదా?" అన్నాను.

"మూసేదేముంది అన్నా, మాకు ఏడాది పొడుగూతా దారే. తేనెకు పోతాం, గడ్డలకు పోతాం, క్యాంపులకు పోతాం. మీకు మూస్తారు."

వానాకాలం తర్వాత ఈ బాట మీద బోదగడ్డి మనిషెత్తు లేస్తుందట. ఎండాకాలానికి ముందు అగ్గి పాకకుండా పట్టీలు గీసేదీ వాళ్లే. మెట్లు జారినచోట్లన్నీ అతనికి నోటికి వచ్చు. చెయ్యి తిప్పుతూ వరసగా చెప్పుకుపోయాడు, నేను రాసుకున్నాను. మరి సర్దవచ్చు కదా అంటే, "ఎవరు చెప్పినారు? కూలి ఎవరిస్తారు?" అన్నాడు.

మూడో గడికి పేరు దొరికింది. దారి తెలిసినవాళ్లు, రోజూ నడిచేవాళ్లు, అడవి హక్కులు చట్టప్రకారం ఉన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. అర్జీలో చూపడానికి ఆ హక్కుల 2006 చట్టం ఉంది. కావాల్సింది ఏడాదికి ఇన్ని పనిదినాల కూలి, అది వేళకు చేతికందడం.

కైలాసద్వారం మెట్ల పక్కన మజ్జిగ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు. అన్నం పెట్టిన పుణ్యాత్ములు ప్లాస్టిక్ కూడా పెట్టారు. పులుల అభయారణ్యంలో దానం చేసేవాళ్లు స్టీలు గ్లాసులు, కడిగే మనిషి ఇస్తే పుణ్యం ఏమీ తరగదు.

ఏప్రిల్ 8

పేపర్లో వార్త: నిన్న డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాల రోడ్లకు శంకుస్థాపన. పాడేరు తమ్ముడికి ఫోను చేశాను. "పని అయ్యాక చెబుతా అన్నయ్యా" అన్నాడు. సరైన జవాబు.

ఏప్రిల్ 13

తుది చిట్టా. మూడో గడి నిండనివి తీసేశాం. చంద్రగిరి పైకోట, మాధవధార అట్లా పోయాయి. అక్కడివాళ్లు ఎవరైనా పూనుకుంటే వచ్చే ఏడు చేరుస్తాం. మిగిలినవి:

అన్నమయ్య బాట: వాహనాలు లేని కాలిబాటగా, ముందుగా పేరిచ్చినవాళ్లకు, పగటిపూట. కొండకిందివాళ్లలోంచి గైడ్లు. వాన వెలిశాక రెండు ఆదివారాలు గునపాలతో మేము.

తుంబురు కోన: ముక్కోటి కాక చలికాలంలో కొద్దిమందికి. నిచ్చెనలు, తాళ్లు ఏటా పరీక్షించాలి. చెత్త మోసుకు దిగే బాధ్యత మాది.

నాగలూటి మెట్లు: జారిన రాళ్లను సిమెంటు పూయకుండా, పాత పద్ధతిలోనే పేర్చాలి. పురావస్తుశాఖ చూపు, చెంచుల చెయ్యి, ఏటా పనిదినాల కూలి. జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల కోసం మూసే నెలల్లో మూతే.

భువనగిరి బండ చుట్టుదారి: చేసేవాళ్లు సిద్ధం, అనుమతి ఒక్కటే కావాలి.

అన్నింటికీ: కిలోమీటరు రాళ్లు, నీటి తావుల గుర్తులు, అత్యవసర ఫోను నంబరు తెలుగులో. పైకప్పులు, టైల్స్, కొట్లు వద్దు. ఎక్కుడు మధ్యలో కూర్చోడానికి రాళ్లు. మాస్టారు ఈ చివరి వాక్యం కింద సంతకం పెట్టారు.

ఏప్రిల్ 21

అర్జీ ఇచ్చాం. తీసుకున్న అధికారి మొదటి పేజీ వదిలేసి మూడు గళ్ల పట్టిక తిరగేశాడు. "అడిగేవాళ్లు చాలామంది వస్తారు, చేస్తామని రాసిచ్చినవాళ్లు తక్కువ" అన్నాడు. రసీదు ఇచ్చాడు. జవాబుకు ఎన్నాళ్లు పడుతుందో చూద్దాం.

ఇది చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఊరి కొండకూ ఒక పాత దారి ఉండే ఉంటుంది, గుడికో, కోటకో, పక్క ఊరి సంతకో. దాన్ని ఫోనులో గీసి లోకమంతటికీ పంచేముందు, ఆ దారిన నడిచే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. దాని పేరు, మలుపుల పేర్లు, నీళ్లున్న చోటు, ఏ నెలలో పోకూడదో రాసుకుని ఒక ప్రతి పంచాయతీలో ఇవ్వండి. ఆ తర్వాత మూడో గడిలో మీ పేరు రాసి, అప్పుడు దారి అడగండి.